అన్నదమ్ములు నన్ను పంచుకున్న వైనం

నేను ఒక హార్డ్‌డిస్క్‌ని. కడుపులో అద్దంలాంటి పళ్లెం పెట్టి, పైన మూత బిగించి లోకం మీదకు వదిలారు. నిమిషానికి ఏడు వేల చుట్లు తిరుగుతాను. మీ ఊరి తీర్థంలో రంగులరాట్నం అంత జోరుగా తిరిగితే, ఎక్కినవాళ్లు పక్క జిల్లాలో దిగుతారు!

చేతులు మారి మారి రావులపాలెంలో నూకరాజు శుభలేఖల కొట్టుకు చేరాను. అతను గీసిన వినాయకుళ్లు, అరటిబోదెల పందిళ్లు, అచ్చుకు వెళ్లాల్సిన మాఘమాసపు శుభలేఖలు అన్నీ నా ముందు సగంలోనే. నకలు ఇంకెక్కడా లేదు. దేవుడి మీద భారం వేసే మనుషులు ఆ దేవుణ్ణి కూడా నా నెత్తినే పెట్టారు.

తమ్ముడు తాతబ్బాయి ముందు గదిలో కంప్యూటర్ క్లాసులు పెడతానన్నాడు. కంప్యూటర్‌ని నడిపించడానికి అతనికి లినక్స్ కావాలి. అన్నకు విండోస్ లేనిదే అక్షరం పడదు. ఉన్న కంప్యూటర్ ఒక్కటి.

"డిస్కుని రెండు వాటాలు చేద్దారన్నయ్యా. ఆన్ చెయ్యగానే ఎవరిది కావాలో అదే అడుగుద్ది."

వాటాలనగానే తల్లి గౌరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పొలమైనా డిస్కయినా ఆ ఇంట్లో పద్ధతి ఒకటే: పెద్దోడు పంచాలి, చిన్నోడు ముందు కోరుకోవాలి. నూకరాజు తెరమీద సరిసమానంగా గీత జరిపాడు.

"కోరుకోరా."

"ముందు సగం నాది. అది పళ్లెం అంచున ఉంటాదంట, అక్కడ వేగం ఎక్కువంట!"

నూకరాజు మొహం సున్నం కొట్టినట్టయింది. "అందులో నా బతుకుందిరా... సర్లే, పద్ధతి పద్ధతే. తుడిచెయ్."

నాకు గుండె జారింది. గుండె లేదంటారా? ఆవేళ మొలిచింది!

గౌరమ్మ లేచింది. "ఒరేయ్ సన్నాసుల్లారా! చేను తమ్ముడి వాటాకొస్తే, అన్న ధాన్యం తగలెట్టి ఇస్తాడేట్రా? బస్తాలు అవతల గట్టుకి మొయ్యండి!"

"మొయ్యొచ్చమ్మా," నసిగాడు తాతబ్బాయి. "మధ్యలో కరెంటు పోతే మాత్రం అంతా గోవిందా."

మోత మొదలైంది. ముందు సగంలోంచి ఎత్తుకోవడం, వెనక సగంలో దించడం. ఒక్కో పెళ్లికొడుకునీ పీటలతో సహా మోశానంటే నమ్మండి. మోత సగంలో ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది.

"ఆపెయ్‌రా!"

"ఆపినా పోద్దన్నయ్యా! బ్యాటరీ చాలదు, తెర తీగ పీకెయ్!"

పీకేశారు. తెర చీకటైంది. ఎంత మిగిలిందో తెలిసే దారి లేదు. అన్నదమ్ములిద్దరూ నేలమీద బోర్లాపడి కంప్యూటర్ డబ్బాకు చెరోవైపు చెవి ఆనించారు. నేను టకటకలాడుతుంటే, "మోత్తంది," అని అన్న, "ఇంకా మోత్తంది," అని తమ్ముడు. నా జన్మలో అంత శ్రద్ధగా నన్ను విన్నవాళ్లు లేరు. ఆ ముచ్చటకే రెట్టింపు పరుగెత్తాను!

టకటక ఆగింది. అంతలో కరెంటొచ్చి పైన ఫ్యాను తిరిగింది. తెర తగిలిస్తే, 'పూర్తయింది' అని ఉంది. నూకరాజు తమ్ముణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. ఆ సాయంత్రానికల్లా లినక్స్ నా ముందు సగంలో గృహప్రవేశం చేసింది.

ఎన్నో మాఘాలు మోసి, ఒకనాడు తిరగడం మానేశాను. పారేసేముందు తాతబ్బాయి మూత విప్పాడు. అన్నదమ్ములిద్దరూ తలలు ఆనించి పళ్లెంలోకి వంగారు.

"గీత ఏదిరా?"

"ఏమో అన్నయ్యా. మనిద్దరమే కనపడతన్నాం."