మావారి మెయిల్లో నా పాఠాలు

"పాలు చూడు," అన్నారు మావారు, పాల పక్కనే నిలబడి.

నేను హాల్లో భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందున్నాను. ఆయన వంటింట్లో మంచినీళ్లు తాగుతున్నారు. ఆయన మోచేతికీ పాలగిన్నెకీ మధ్య జానెడు దూరం లేదు. వేలు కదిపితే స్టవ్ ఆరిపోతుంది. కానీ మా ఇంట్లో పాలు చూడటం నా పని, పాలు పొంగుతున్నాయని నాకు చెప్పడం ఆయన పని. పెళ్లయిన నాటి నుంచీ ఎవరి పని వాళ్లం తు.చ. తప్పకుండా చేసుకుంటున్నాం. నేను లేచి పరిగెత్తేసరికి స్టవ్వంతా పాలే. "చెప్పానా లేదా?" అన్నారాయన గ్లాసు సింకులో పడేస్తూ. చెప్పారు, కాదన్నదెవరు? గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

తిరిగి వచ్చేసరికి సగం రాసిన ప్రశ్న తెర మీద అలాగే ఉంది. మొక్కలు రాత్రిపూట ఊపిరి పీల్చుకుంటాయా? నేను ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తాను. బోర్డు మీద బొమ్మ గీసి, చాక్‌పీసు పొడి మింగి, "అర్థమైందా?" అంటే "అయింది టీచర్!" అని తరగతి మొత్తం కోరస్ పాడుతుంది. పరీక్ష పెడితే గానీ తెలియదు, ఎవరికీ ఏమీ ఎక్కలేదని. ఆ కోరస్ వినీ వినీ విసుగెత్తి, పాఠాలకి పనికొచ్చేవి ఇంటర్నెట్‌లో ఏవో ఉంటాయంటే వెతకడం మొదలుపెట్టాను. వెతకడమంటే తీరిగ్గా కాళ్లు చాపుకుని కాదు, ఒక చెవి కుక్కర్ మీద, ఒక కన్ను తెర మీద. ఒకటేమో ఉచితం ఉచితం అని ఊరించి, బొమ్మలన్నీ నా చేత పెట్టించుకున్నాక డబ్బు కట్టమంది. ఇంకొకటి మన భాషలో చదివి వినిపిస్తానంటే మురిసిపోయాను. తీరా వింటే, రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతుతో గుండె నిర్మాణం చెప్పింది. చివరికి ఒకటి దొరికింది, ప్రశ్నల ఆట. తెర మీద ప్రశ్న పడుతుంది, పిల్లలు జవాబు నొక్కుతారు, ఎంతమంది ఎక్కడ తప్పారో నాకు వెంటనే కనిపిస్తుంది. పిల్లలు అసలు పేరు పెట్టుకోనక్కర్లేదు, మారుపేరు చాలు. తప్పు ఎవరు చెప్పారో తెలియకపోతే ఎవరిని చూసి నవ్వుతారు? నాకు అది తెగ నచ్చింది.

అందులో చేరడానికి మెయిలు కావాలంది. మావారిని అడిగాను. "నీకు వేరే మెయిలెందుకు, నాదుందిగా. మనం వేరా?" అన్నారు. ఈ "మనం వేరా" అనేది మా ఇంట్లో ఉప్పులాంటిది, పడని కూర లేదు. గ్యాస్ ఆయన పేరు, కరెంటు మీటరు ఆయన పేరు, నా చేతిలో ఉన్న ఫోన్ సిమ్ కూడా ఆయన పేరే. నా జీతం పడే ఖాతాలో నా పేరు పక్కన ఆయన పేరుంది. ఆయన జీతం పడే ఖాతాలో ఆయన పేరు పక్కన ఎవరూ లేరు. ఎందుకని అడిగితే దానికీ అదే జవాబు, మనం వేరా? ఆ రోజు నేను కూడా ఆలోచించలేదు. పొయ్యి మీద కూర మాడుతోంది. సరేనన్నాను.

అలా నేను చేసిన ప్రతి పాఠం కింద, "తయారుచేసినవారు" అనే చోట, మావారి పేరు పడింది. పక్కన ఆయన ఫోటో, మా ఆడపడుచు పెళ్లిలో నల్ల కళ్లద్దాలతో తీయించుకున్నది. కిరణజన్య సంయోగక్రియ ఆయనే కనిపెట్టినట్టు ఉంటారు అందులో. ఆ మాట పలకమంటే ఆయనకి నోరు తిరగదు. పిల్లలు మాత్రం ఆయనకి "సైన్సు మామయ్య" అని పేరు పెట్టేశారు.

స్కూలుకి ఎవరో దానమిచ్చిన ట్యాబ్‌లు కంప్యూటర్ మాస్టారి బీరువాలో అట్టపెట్టెలు విప్పకుండా పడున్నాయి. పిల్లలకిస్తే పాడుచేస్తారని ఆయన భయం. హెడ్మాస్టరుని బతిమాలి, పూచీ నాదని చెప్పి, బెంచీకొకటి ఇప్పించుకున్నాను. చివరి బెంచీలో ఒక పొడుగు పిల్ల ఒక్కతే కూర్చుంటుంది. నత్తి. మాట్లాడితే నవ్వుతారని ఆ పిల్ల నా క్లాసులో ఏనాడూ నోరు తెరవలేదు. ఆట పెట్టిన మొదటి రోజు అందరికంటే ముందు సరైన జవాబు నొక్కింది "తుఫాను" అనే పేరు. "ఎవర్రా ఈ తుఫాను?" అని క్లాసంతా మెడలు తిప్పింది. ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను అడగలేదు. గంట కొట్టాక స్టాఫ్ రూములో మొహం కడుక్కునే నెపంతో కాసేపు ఏడ్చాను. సంతోషానికి కూడా ఏడుపొస్తుందని అంతవరకు పుస్తకాల్లోనే చదివాను.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, ఒకరోజు పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ క్లాసు చూడటానికి వచ్చింది. ఆఖరి బెంచీలో ఆ పొడుగు పిల్ల పక్కనే కూర్చుని, తనూ ఒక ట్యాబ్ తీసుకుని ఆడింది, రెండు ప్రశ్నలు తప్పింది. ఆట అయ్యాక తెర చూపించి, "ఈ కళ్లద్దాలాయన ఎవరు?" అంది.

"మావారండీ. మెయిలు ఆయనది," అన్నాను నవ్వేస్తూ. ఆవిడ నవ్వలేదు.

శనివారాల్లో ఊరి స్కూళ్ల టీచర్లందరికీ ఇది నేర్పించాలట. దానికి ఒక మనిషి కావాలట. "మీరు రావాలి. మెయిలు పంపుతాను," అంది. పక్కన హెడ్మాస్టరు చేతులు నలుపుకుంటూ, "మాకు కంప్యూటర్ మాస్టారు కూడా ఉన్నారు మేడమ్. ఈవిడకి ఇల్లూ, సంసారమూ..." అని నసిగాడు. "ఆయనకి లేవా?" అందావిడ. లేకేం, ఉన్నాయి. చూసుకునే మనిషి కూడా ఉంది.

నాకు వెళ్లాలనుంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నగ కావాలని అడగలేదు, చీర కావాలని అడగలేదు, ఇది మాత్రం కావాలనిపించింది. నేను కనిపెట్టుకున్న పని, నా నోటితో, నాలాంటి వాళ్లకి చెప్పాలి. ఆ సాయంత్రం ఇంట్లో చెప్తే మావారు టీవీలోంచి తల తిప్పకుండా, "చూద్దాంలే," అన్నారు. అత్తయ్య, "మా కోడలు చేతికిస్తే గానీ నాకు మాత్ర కూడా దిగదమ్మా," అంది మెచ్చుకోలుగా. ఆవిడ రోజూ పార్కులో ఇద్దరు కుర్రాళ్లకి సరిపడా నడిచొస్తుంది. మెచ్చుకోలు కూడా కాలికి కట్టే తాడేనని ఆలస్యంగా అర్థమవుతుంది ఆడదానికి.

మెయిలు కోసం ఎదురుచూశాను. ఎదురుచూడటమంటే ఏం చేశానో చెప్తే నవ్వుతారు. ఆ లాప్‌టాప్‌లో ఆయన మెయిలు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నేను ఏనాడూ అందులోకి తొంగి చూడలేదు. ఇంకొకరి ఉత్తరాలు చదవకూడదని మా నాన్న నేర్పాడు. అందుకని రోజూ ఆయననే అడిగేదాన్ని, "ఏమండీ, ఏమైనా వచ్చిందా?" అని. "వస్తే చెప్పనా?" అనేవారు నిమ్మకు నీరెత్తినట్టు.

వారం తిరక్కుండానే హెడ్మాస్టరు నన్ను వరండాలో ఆపాడు. "మంచి పని చేశారు మేడమ్. పెద్దరికంగా తప్పుకున్నారు. మన కంప్యూటర్ మాస్టారి పేరు పంపిస్తున్నాం. ఆ పాఠాల లింకు కాస్త ఆయనకి ఇవ్వండి."

"నేనెక్కడ తప్పుకున్నాను సార్?"

"మీరే రాశారటగా, కుదరదని!"

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, మా నాన్న నేర్పింది పక్కనపెట్టి ఆయన మెయిలు తెరిచాను. ఆఫీసరమ్మ ఉత్తరం వచ్చింది. దానికి జవాబు కూడా వెళ్లింది. "మీ ఆహ్వానానికి ధన్యవాదాలు. కుటుంబ బాధ్యతల దృష్ట్యా రాలేకపోతున్నాను. దయచేసి ఆ అవకాశం మరొకరికి ఇవ్వగలరు." కింద నా పేరు. అన్ని పాఠాలు చేస్తే ఒక్కదాని కిందా పడని నా పేరు, ఇక్కడ ఒక్క అక్షరం తప్పు లేకుండా పడింది. దాని పైనే ఆయన పాత స్నేహితుల మెయిలుంది. వచ్చే శనివారం అందరూ కలిసి విహారానికి వెళ్తున్నారు, వస్తున్నట్టు ఖాయం చెయ్యమని. ఏటా వెళ్తారు. అప్పుడు కుటుంబ బాధ్యతలు ఏ అటక మీద ఉంటాయో నాకు తెలియదు.

ఆయన రాగానే లాప్‌టాప్ తిప్పి చూపించాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నీ మంచికే రాశాను. శనివారం పూట ఊరంతా తిరుగుతావా? అమ్మకి మాత్రలెవరిస్తారు?"

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే వెళ్తానంటావు."

ఎంత నిజాయితీగా అన్నారో! అడిగితే వెళ్తానంటానని తెలుసు, కాబట్టి అడగలేదు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను అర్థం చేసుకోలేదని అపార్థం చేసుకున్నాను గానీ, ఆయనకి అంతా అర్థమయ్యే ఉంది.

"ఇంత దానికి ఏడుపెందుకు? నీ తరఫున నేను రాశాను. మనం వేరా?" అంటూ లోపలికెళ్లి, "టీ పెట్టు," అన్నారు. పెట్టాను. చక్కెర కూడా వేశాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

మర్నాడు క్లాసులో ఏ ఉత్సాహమూ లేకుండా ఆట పెట్టాను. పేర్లు ఒక్కొక్కటే తెర మీద పడుతున్నాయి. పిడుగు, దోమ, బాహుబలం, నిద్రమొహం. తుఫాను కోసం చూశాను. లేదు. ఆ స్థానంలో చివరి బెంచీ పిల్ల అసలు పేరుంది, ఇంటిపేరుతో సహా. మొదటి జవాబు దానిదే. "ఓహో, నువ్వా తుఫానువి!" అని ఎవడో అరిచాడు. ఆ పిల్ల లేచి నిలబడింది. నేను నిలబడమనలేదు. "మొ... మొక్కలు రాత్రి కూడా ఊ... ఊపిరి తీసుకుంటాయి టీచర్. ఆ... ఆగవు," అంది. ఒకడు కిసుక్కున నవ్వాడు. మిగతావాళ్లు నవ్వలేదు. ఆ పిల్ల నిదానంగా కూర్చుంది. నేను చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగాను.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మ అనేది. పడితే పడనీ అనుకుని, ఆ సాయంత్రం ఇంటికి కాకుండా ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఆ జవాబు నేను రాయలేదండీ."

"మరెవరు?"

"మావారు."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ స్కూలు పంపిన పేరు ఇంకా నేను ఖాయం చెయ్యలేదు. కానీ రేపు ఆయన మళ్లీ రాస్తే? మీ మెయిలు నుంచి, మీరు రాయండి."

"నాకు మెయిలు లేదండీ."

నలుగురికి కంప్యూటర్లో పాఠం చెప్పబోయేదాన్ని ఆ మాట అనడానికి నాలుక మడతపడింది. ఆవిడ లేచి, తన కంప్యూటర్ ముందు కుర్చీ జరిపి చూపించింది. అక్కడే కూర్చుని నా పేరుతో మెయిలు తెరిచాను. సిమ్ ఎవరి పేరునుంటేనేం, ఫోన్ నా చేతిలోనే ఉంది. ఒక్క వాక్యం రాశాను, వస్తున్నాను అని. పంపించాక చూసుకుంటే, పేరు రాయడం మర్చిపోయాను. రాయక్కర్లేకుండానే పైన ఉంది.

పాత ఖాతాలోని పాఠాలు కొత్తదానిలోకి తెచ్చుకోవడం కుదరలేదు. కుదిరే దారి ఉందేమో, నాకు తెలియలేదు. మళ్లీ మొదటి నుంచీ చేసుకున్నాను. ఆ వారమంతా పాలు పొంగుతూనే ఉన్నాయి, ఆయన చెప్తూనే ఉన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ సామెత చెప్పిన పెద్దాయన ఇంట్లో స్టవ్ ఎవరు తుడిచారో కనుక్కోవాలి.

శనివారం పొద్దున ఆయన కొత్త చొక్కా వేసుకుని, బ్యాగు సర్దుకుని, వీధి గుమ్మంలో నిలబడ్డారు. స్నేహితుల కారు రాలేదు. ఫోన్ చేశారు. అవతలివాళ్ల గోలలో, పాటల్లో ఒక గొంతు నాకు కూడా వినిపించింది. "నువ్వే రానని రాశావుగా బాబూ! నీ సీట్లో ఇంకొకణ్ణి ఎక్కించుకున్నాం. నీ కుటుంబ బాధ్యతలు జాగ్రత్త!"

ఆయన ఫోన్ దించి నా వైపు తిరిగారు. నేను భుజానికి బ్యాగు తగిలించుకుని, చెప్పుల పట్టీ బిగించుకుంటున్నాను. లోపల్నుంచి అత్తయ్య, "అమ్మాయ్, నా మాత్ర!" అని పిలిచింది.

"తెల్లది టిఫిన్‌కి ముందు, పసుపుది తర్వాత," అన్నాను ఆయనతో.

"ఎవరు రాశారది? ఎవరిని అడిగి రాశారు?" అన్నారాయన.

"నేనే. మీ మాటలే, అక్షరం మార్చలేదు. మీ తరఫున రాశాను," అని గుమ్మం దిగాను. "మనం వేరా?"