పసుపు డ్రమ్ములో పడ్డ ఎముక

మహిపాల్ మంచివాడే. కాకపోతే ఓపిక లేదు. ఓపికే ఉంటే, రాక్షసబల్లిదేమోనని మేము ఆశపడుతున్న ఎముక ముక్కల్ని తీసుకెళ్లి పసుపు కొమ్ముల్ని పాలిష్ చేసే డ్రమ్ములో వేస్తాడా?

కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నంలో అతని పొలం బావిని లోతు చేయిస్తుంటే దొరికాయవి. నేను కోరుట్ల కాలేజీలో జువాలజీ చెబుతాను. తెలంగాణ ఉద్యమంతో కాలేజీ మూతపడింది కాబట్టి, రోజూ స్కూటీ మీద వచ్చి అతనితో కలిసి మట్టి గోకుతున్నాను. సగం ఎముక ఇంకా బావి గోడలోనే ఉంది. మధ్యలో వేరే పనికి వెళ్లిన పొక్లెయిన్ సిరిసిల్ల దగ్గర రాస్తారోకోలో ఇరుక్కుంది. దారి వదిలారంటే, వచ్చి ఆ గోడనే తవ్వేస్తుంది.

"జగిత్యాల సారొచ్చి రాక్షసబల్లే అంటే ఆపుదాం. లేకుంటే తవ్వుడే" అని మహిపాల్ తల్లి భూమవ్వ ముందే తేల్చేసింది. "గొడ్డు బొక్క కోసం వరి ఎండవెట్టుకుంటమా?"

భూగర్భ శాఖలో పనిచేసి రిటైరైన రాజేశం సార్, నేను పిలిస్తే జగిత్యాల నుంచి పొలం బాటలు పట్టుకుని మోటార్ సైకిల్ మీద వచ్చాడు. మహిపాల్ ఎముకల సంచి విప్పగానే ఆయన మొహం మారిపోయింది.

"ఏందిది, గిట్ల మెరుస్తున్నయి?"

"డ్రమ్ముల ఏసి తిప్పిన సార్" అన్నాడు మహిపాల్ గర్వంగా. "పసుపు కొమ్ములకు గట్లనే కదా మురికి పోయేది!"

సార్ రెండు ముక్కల్ని ఆనించి చూశాడు. అరిగిన అంచులు ఒకదాని మీద ఒకటి జారిపోయాయి.

"విరిగిన అంచు ఉంటేనే కదయ్యా, ఏది దేనికి అతుకుతదో తెలిసేది? బొక్కనే, ఒప్పుకుంట. ఏ జీవిదో చెప్పాలంటే కీలు భాగం కావాలె. గది గీ ముక్కలల్ల లేదు."

నాకు ఒళ్లు మండింది. తిడదామని చూస్తే మహిపాల్ నేల మీద కూలబడి, ఆ ముక్కల్ని చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. అంతలో అతని ఫోన్ మోగింది. దారి పొద్దున్నే వదిలారట. పొక్లెయిన్ ఊరి దగ్గరికి వచ్చేసిందట.

భూమవ్వ కొడుకు వంక చూసింది. తర్వాత ఉడికించి ఆరబోసిన పసుపు దగ్గరికి వెళ్లి, గాలికి లేవకుండా టార్పాలిన్ పట్టా మీద పెట్టిన బరువుల్లోంచి గుమ్మడికాయంత రాతి ముద్దను ఎత్తుకొచ్చింది.

"మొదటిరోజే గోడల నుంచి ఊడిపడ్డది."

"ముందే ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాను.

"చెప్తే తవ్వుడు ఆపుతరని, నాజియా మేడం."

సార్, మహిపాల్, నేను ముగ్గురం దాన్ని పట్టుకుని బావిలోకి దిగాం. గోడలోంచి పొడుచుకొచ్చిన ఎముక విరిగిన కొస మీద సార్ ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి ఆనించాడు. పైన రోడ్డు మీద పొక్లెయిన్ చప్పుడు వినబడుతోంది. మరోసారి తిప్పాడు. అతికింది. గోరు దూరేంత సందు కూడా లేదు.

"తొడ బొక్క. ఇంత పెద్ద కీలు!" సార్ దాన్ని అరచేత్తో తడిమాడు. "రాక్షసబల్లే. ఇగ ఎవ్వలూ ముట్టద్దు."

మహిపాల్ గట్టిగా కేక పెట్టాడు. నేను నవ్వుతూనే ఏడ్చాను.

తలెత్తి చూస్తే, భూమవ్వ అప్పటికే పొక్లెయిన్‌కు అడ్డంగా చెయ్యెత్తి నిలబడింది. ఇంజిను ఆగింది. ఆమె ఒడ్డు దాకా వచ్చి మావైపు వంగింది.

"ఆపిన సారూ. మరి నా వరికి నీళ్లెట్ల?"