ప్రార్థన చేసిన పడవ

“లూదియా, డ్రమ్ము నిండా నీళ్లు పట్టు. ఆళ్లగడ్డ నుంచి పడవ చూసేదానికి వస్తాండారు,” అన్నాడు మా ఆయన జయప్రకాష్, ఫోనులోంచి తల ఎత్తకుండా. ఆదివారం. చర్చి నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు. పొయ్యి మీద కూర సగంలో ఉంది. పడవ మోటారును ఉత్తగా తిప్పితే పాడైపోతుందట, దాని అడుగు నీళ్లలో మునిగి ఉండాలట. అందుకని డ్రమ్ము. కొళాయి సన్నగా వస్తుంటే బకెట్లతో నేనే మోశాను. ఆ పడవ అమ్ముడుపోతే నాకు కూర్చోవడానికి చోటు ఉండదని తెలిసి కూడా మోశాను. ఏం మనిషినో నేను!

నంద్యాలలో పడవేందని మీకు నవ్వు రావచ్చు. మా వీధంతా నవ్వింది. ఒకసారి మా ఆయన స్నేహితులతో జూపాడు బంగ్లా అవతల డ్యాము వెనక జలాల్లో చేపలు పట్టి వచ్చాడు. అంతే, మోజు పుట్టింది. చిన్న ఫైబరు పడవ, దానికో మోటారు, లాక్కుపోవడానికి రెండు చక్రాల ట్రైలరు కొన్నాడు. ఐదారుసార్లు పోయారేమో. తెచ్చిన చేపలు తోమింది నేను. పడవలో పొలుసులు కడిగింది నేను. నన్ను మాత్రం ఒక్కసారీ రమ్మనలేదు. తర్వాత నడుం నొప్పి అన్నాడు, పడవ ఇంటి పక్క సందులో నీలం పట్ట కింద నిలబడిపోయింది.

మా ఇంట్లో హాలు అత్త సరోజమ్మది. మంచం, టీవీ అక్కడే. పడకగది ఆయనది. ముందు గదికి తాళం. గాలాలు, క్యారమ్ బోర్డు, నాలుగు కుర్చీలు, ఒక బల్ల. స్నేహితులు వస్తేనే తెరుస్తాడు. నేను బడిలో పంతులమ్మను. పిల్లల పేపర్లు వంటగట్టు మీద పెట్టుకుని నిలబడే దిద్దుతాను, పసుపు మరకలతో సహా. ఆ బల్ల నాకిమ్మని ఒకసారి అడిగాను. “ఇంత ఇల్లు పెట్టుకోని చోటు లేదంటావా? కూర్చోని ఏం చేస్తావ్?” అన్నాడు. కూర్చుంటాను, అంతే. అది చాలదు కదా వాళ్లకు. ఇంటి నిండా నన్ను పిలిచేవాళ్లే, నాతో మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు.

ఒక సాయంత్రం ఏడుపు ఆగక, ఎవరికీ కనపడకూడదని స్టూలు వేసుకుని పట్ట ఎత్తి పడవలోకి దిగాను. కాసేపటికే అత్త కేక. “యాడుండావ్ లూదియా?” నోటికొచ్చింది అనేశాను. “ప్రార్థన చేసుకుంటాండా అత్తా.” ఆమె గొంతు ఠక్కున తగ్గింది. “అట్నా. కానీమ్మా, కానీ.” మా వాళ్లలో ప్రార్థనలో ఉన్న మనిషిని ఎవరూ లేపరు. వంట మాడినా సరే. ఆరోజు నుంచి బడి అయ్యాక పడవే నా గది. పల్లీలు నమిలేదాన్ని. నిద్రపోయేదాన్ని. చాలాసార్లు ఊరికే ఏడ్చేదాన్ని. చర్చిలో నన్ను ప్రార్థనాపరురాలని మెచ్చుకుంటుంటే నా ఒంటరితనం ఇంకా పెరిగేది. ఎవరితో చెప్పుకోను?

ఆయన పడవ అమ్ముతాననగానే వద్దని అడిగాను. పగలబడి నవ్వాడు. “నంద్యాలకు సముద్రం వస్తాందా ఏంది? దేవుడు పడవలోనే ఉన్నాడా? వంటింట్లో చేసుకో ప్రార్థన.”

ఆళ్లగడ్డ ఇస్సాకు బొలెరో తెచ్చుకుని మరీ వచ్చాడు. వెలుగోడు రిజర్వాయరులో చేపలు పడతాడట. మోటారును డ్రమ్ములోకి దించి తాడు లాగారు. రెండో లాగుకే అందుకుంది. నేను మోసిన నీళ్లన్నీ నా చీర మీదే చిందాయి. అయినా అతను మొహమాటంగా గడ్డం గోక్కున్నాడు. “పాతది కదన్నా...”

మా ఆయన అప్పుడు తీశాడు అసలు మాట. “ఇది ఉత్త పడవ కాదప్పా. మా ఇంటామె నాలుగేండ్లు దినమూ దీంట్లోనే ప్రార్థన చేసింది.”

ఇస్సాకు చెప్పులు విడిచేశాడు. “ముందే చెప్పకపోతివే! తీసుకుంటాన్నా. అక్కా, తోలకపోయే ముందు మీ నోటితో ఒక ప్రార్థన చేయాల.”

“చెయ్, చెయ్,” అన్నాడు మా ఆయన. నా ఏడుపును కూడా అమ్ముకుంటున్నాడు కదా అని ఒళ్లు మండిపోయింది. కొంగు తలమీదికి లాక్కున్నాను. అందరూ కళ్లు మూసుకున్నారు. అత్త ఒక చెయ్యి పడవ మీద పెట్టింది.

“ప్రేమగల తండ్రీ, నీకు వందనాలు.”

“స్తోత్రం,” అన్నాడు ఇస్సాకు.

“ఈ బిడ్డ చేతి పనిని ఆశీర్వదించు. నీళ్ల మీద కాపాడు.”

“స్తోత్రం, స్తోత్రం.”

“ఈ పడవలో నేను ఒక్క దినం కూడా ప్రార్థన చేయలేదు తండ్రీ.”

“స్తో...” ఇస్సాకు సగంలోనే ఆగాడు. మా ఆయన గట్టిగా దగ్గాడు. దగ్గనీ. ఆమేన్ పడేదాకా ప్రార్థనకు అడ్డం రాకూడదు, అది ఆయనకూ తెలుసు.

“ఊరికే కూర్చుంటి తండ్రీ. ఏడిస్తి. ఇంట్లో కూర్చునేదానికి నాకు చోటు లేక, ప్రార్థన అని అబద్ధం చెప్తి. ఆ అబద్ధాన్ని చూసి ఇస్సాకన్న ఈ పడవ కొనకూడదు. మోటారు మంచిదైతే కొనుక్కోనీ. ఇంక నేను యాడా దాక్కోను. మా ముందు గది ఈ పొద్దు నుంచి నాది. పొద్దుగూకినాక తలుపేసుకుని దాంట్లో కూర్చుంటా. ప్రార్థన చేస్తానని చెప్పను. ఊరికే కూర్చుంటా. ఇది నిన్ను అడగటంలా తండ్రీ, వీళ్లు వింటాండారని చెప్తాండా. ఏసు నామంలో.”

కళ్లు తెరవడానికి భయమేసింది. ఎవరన్నా ఆమేన్ అంటారేమోనని చెవి ఒగ్గాను.

“ఆమేన్,” అంది మా అత్త, వీధికంతా వినపడేట్టు.