సింహాద్రి దించిన బరువు

నేను ఒక అయిదు కిలోల తూకపు రాయిని. రాయి అంటారు గానీ నన్ను పోసింది ఇనుముతో. పైన ఒక పిడి, అడుగున సీసం నింపిన చిన్న గుంట, దాని మీద తూనికల శాఖవారి ముద్ర. ఇప్పుడు కోర్టు సామాన్ల గదిలో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాను గానీ, ఒకప్పుడు ఆ ముద్ర చూసుకుని ఎంత మిడిసిపడ్డానో! గోదావరి జిల్లాలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో, కాటా పక్కన, గుమస్తా సోమయాజులుగారి ఎదుట నా చోటు. తూకంలో తేడా వచ్చిందనిపిస్తే రైతులు ఆయన్ని తిట్టేవారు. నన్ను మాత్రం పల్లెత్తు మాట అనేవారు కాదు.

ఒకరోజు మిల్లు యజమాని, అందరూ షావుకారు అనేవారు, నన్ను బాయిలరు దగ్గరికి తెమ్మన్నాడు. సోమయాజులుగారే మోసుకెళ్ళారు. బాయిలరుకి ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఆవిరి మితిమీరితే దానంతటదే తెరుచుకుని కూత పెడుతుంది. కూసినప్పుడల్లా ఆవిరి దండగైపోతోందని షావుకారు బెంగ. దాని మీట చివర నన్ను తీగతో వేలాడదీశాడు. ఇక కూత లేదు. "ఇప్పుడు చూడండి, ఎంత బుద్ధిగా ఉందో!" అన్నాడు. నోరు నొక్కేస్తే ఎవరైనా బుద్ధిగానే ఉంటారు మరి.

బాయిలరు నడిపే సింహాద్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, అది కుయ్యాలండి. కుయ్యకపోతే పేలిపోద్దండి."

"భయమైతే మానెయ్. నీలాంటివాళ్ళు పదిమంది దొరుకుతారు."

సింహాద్రి మానలేదు. షావుకారు భోజనానికి ఇంటికి వెళ్ళగానే తువ్వాలు చేతికి చుట్టుకుని, అప్పటికి కాలిపోతూ ఉండే నన్ను దించి నేల మీద పెట్టేవాడు. సరిగ్గా ఆ వేళకే అతని భార్య వరహాలు క్యారేజీ తెచ్చేది. "ముందు దీన్ని కూకోబెట్టనీ, తరవాత మనం కూకుందాం" అనేవాడు. ఇద్దరూ నా పక్కనే కూర్చుని, గోంగూర పచ్చడి కలుపుకుని, ఏవేవో చెప్పుకుని నవ్వుకుంటూ తినేవారు. వాల్వు మధ్యమధ్య కూస్తూ ఉండేది. నా ముద్ర వైభవం కంటే ఆ మధ్యాహ్నాలే ఇప్పుడు నాకు ఎక్కువగా గుర్తుకొస్తాయి. షావుకారు తిరిగి వచ్చి నన్ను మళ్ళీ తగిలించేవాడు.

ఒకరోజు లారీలకు సరుకు ఎక్కించే హడావిడిలో షావుకారు ఇంటికి వెళ్ళలేదు. ముందు గదిలోనే కూర్చున్నాడు. మీట వణకడం మొదలుపెట్టింది. ఇక ఆగలేక సింహాద్రి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. అతని చెయ్యి నా పిడి మీద పడింది. నన్ను ఇంకా పైకి ఎత్తలేదు, బాయిలరు పేలిపోయింది. సింహాద్రి చనిపోయాడు. నేను పెరట్లో దొరికాను, పిడికి కాలిన తువ్వాలు పీలికతో.

వరహాలు దావా వేసింది. వకీలు ఆమెకు నిదానంగా చెప్పాడు. మనిషి పోయినందుకు ఇచ్చే పరిహారం ఒకటి. తెలిసి తెలిసి ప్రాణం మీదికి తెచ్చినందుకు, ఇంకెవరూ అలా చెయ్యకుండా, దండనగా వేసే సొమ్ము ఇంకొకటి. మొదటిదానికి సింహాద్రి వయసెంత, జీతమెంత, ఇంకా ఎన్నాళ్ళు పనిచేసేవాడు అని కోర్టులో లెక్కలు వేశారు. తూకాల్లోనే పుట్టి పెరిగిన నాకే మనిషిని అలా తూచవచ్చని తెలియదు. రెండోది రావాలంటే షావుకారు తెలిసే చేశాడని తేలాలి. అతనేమో సింహాద్రే నన్ను తగిలించుకున్నాడని వాదించాడు.

సాక్ష్యాల రోజు బంట్రోతు నన్ను పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. పక్కనే సోమయాజులుగారు వరహాలుతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. "రాజీకి ఒప్పుకో అమ్మా. పొరపాటు సింహాద్రిదేనని ఒక్క సంతకం పెడితే చాలట. కోర్టు ఇచ్చేదానికంటే ఎక్కువే ఇస్తారట, రేపే."

"డబ్బెవరికి చేదండీ పంతులుగారూ? ఆయన్ని ఆయనే చంపుకున్నాడని నా చేత్తో రాసిమ్మంటారా? ఈ రాయి మోసుకెళ్ళింది మీరేగా. మీరు చెప్పండి."

ఇంతలో లోపలి నుంచి ఆయనకి పిలుపు వచ్చింది. ఆయన బోనెక్కాక వరహాలు వకీలు నన్ను చూపించి "దీన్ని తగిలించింది ఎవరు?" అని అడిగినప్పుడు నా వంకే చూస్తూ చెప్పారు. "షావుకారుగారండి. మోసింది నేను. వద్దన్నది సింహాద్రి. నా చెవులారా విన్నాను." షావుకారు కుర్చీలో కదిలాడు. సోమయాజులుగారు మాత్రం అటు తిరగలేదు. ఆ పూట ఆయన గుమస్తాగిరీ పోయింది. నన్ను బాయిలరు దగ్గరికి మోసుకెళ్ళినందుకు నాకు ఆయన మీద ఉన్న కోపమూ పోయింది.

తీర్పు రావడానికి ఏళ్ళు పట్టింది. పరిహారం, దండన సొమ్ము రెండూ ఇమ్మన్నారు. వకీలు ఉత్సాహంగా అంకెలు చెప్పబోయాడు.

"అయి తరవాత చెప్పండి బాబూ. ఆయన తప్పు లేదని రాశారా?"

"రాశారమ్మా. షావుకారు తెలిసే చేశాడని కూడా రాశారు."

వరహాలు బెంచీ మీద కూలబడి ఏడ్చింది. నాకు నోరుంటే నేనూ ఏడ్చేదాన్ని.

జనం వెళ్ళిపోయాక ఆమె నేనున్న బల్ల దగ్గరికి వచ్చింది. బంట్రోతు "ముట్టుకోకూడదమ్మా" అంటూనే ఉన్నాడు. నేను చల్లారి ఎన్ని ఏళ్ళయిందో! అయినా ఆమె కొంగు చేతికి చుట్టుకుంది. రెండు చేతులా నన్ను ఎత్తి, బల్ల మీద నుంచి దించి, మెల్లగా నేల మీద కూర్చోబెట్టింది.