బంతి తన్నిన క్షణం

కొత్తపేటలో కొబ్బరితోటలు చూసుకునే కేశవరావుగారికి ఫుట్‌బాల్ గొడవ ఇంటికి కోడలు కళ్యాణి వచ్చాకే మొదలైంది. ఆమె కాలేజీ జట్టులో ఆడిన పిల్ల. ఇప్పుడు చుట్టుపక్కల మ్యాచ్‌లకు, గీత పక్కన జెండా పట్టుకుని ఆఫ్‌సైడ్ తప్పులు చూపే లైన్ రిఫరీగా వెళుతోంది. సాయంత్రం ఆమె టీవీలో మ్యాచ్ పెడితే ఆయనా వచ్చి కుర్చీ లాక్కునేవారు. భోజనానికి పిలవడం తప్ప మావగారితో ఆమె పెద్దగా మాట్లాడేది కాదు.

ఒకరోజు ఆయనే ఉండబట్టలేక అడిగారు. "గోల్ కొట్టేడు కదమ్మా, మళ్ళీ కాదంటారేంటి?"

"ఆఫ్‌సైడండి, మావయ్యగారూ." కళ్యాణి వెనక్కి తిప్పి బొమ్మను ఆపింది. "తనవాడు బంతి తన్నేటప్పటికే ఇతను బంతిని దాటి, అవతలివాళ్ళ చివరి డిఫెండర్నీ దాటి నిలబడ్డాడు. ముందు గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నాడు. డిఫెండర్‌తో సమానంగా ఉన్నా సరిపోయేదండి."

"మరి ఇందాకటి కుర్రాడు? బంతి అందేసరికి అందర్నీ దాటేసేడు. గోలిచ్చేరే!"

"అందినప్పుడు కాదండి, తన్నినప్పుడు చూడాలి. తన్నేక ఎంత ముందుకు పరిగెత్తినా తప్పులేదు. అందుకే నేను కళ్ళు డిఫెండర్ మీద పెట్టి, తన్నిన చప్పుడు చెవితో వింటాను."

ఆ నెలలోనే అమలాపురంలో ఆడపిల్లల టోర్నమెంట్ జరిగింది. భర్తకు రొయ్యల చెరువుల దగ్గర పని పడడంతో కళ్యాణి స్కూటర్ వెనక కేశవరావుగారే ఎక్కారు. మైదానంలో తాడు వెనక నిలబడి ఆమె చెప్పినట్టే చూస్తూ, వింటూ ఉన్నారు.

ఆట ముగిసే వేళకు రాజోలు జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. ఆ జట్టు పిల్ల సుగుణ అందరినీ దాటి దూసుకెళ్ళి గోల్ కొట్టింది. కళ్యాణి జెండా ఎత్తింది. రిఫరీ ఆ గోల్ చెల్లదన్నాడు. రాజోలు ఓడిపోయింది. జనం కళ్యాణిని నానా మాటలూ అన్నారు.

"ఎవరండీ ఆ అమ్మాయి?" అన్నాడు పక్కనున్నాయన కోపంగా.

"మా కోడలండి," అన్నారు కేశవరావుగారు.

తిరుగుదారిలో, ఊరు దాటకముందే కళ్యాణి కాలవగట్టున స్కూటర్ ఆపింది.

"మావయ్యగారూ, మీరు సరిగ్గా చివరి డిఫెండర్‌కి ఎదురుగా ఉన్నారు. నేను పరుగులో వెనకబడి ఏటవాలుగా చూసేను. నిజం చెప్పండి, తప్పుగా ఎత్తేనా?"

ఆమె ముఖం చూస్తే గమనించలేదని చెప్పెయ్యాలనిపించింది ఆయనకు.

"తప్పేనమ్మా. చప్పుడు వినపడినప్పుడు ఆ పిల్ల డిఫెండర్ పక్కనే ఉంది. తర్వాతే దాటింది."

కళ్యాణి స్కూటర్ వెనక్కి తిప్పింది. మైదానం బయట సుగుణ వ్యాన్ ఎక్కబోతోంది.

"నీ గోల్ సరైనదేనమ్మా. తప్పు నాది."

"ఇప్పుడు చెప్తే ఏం లాభమండీ? ఓడిపోయేం కదా!" కళ్ళు తుడుచుకుంటూ సుగుణ వ్యాన్ ఎక్కేసింది.

ఇల్లు చేరాక స్కూటర్‌కు స్టాండ్ వేస్తూ ఆమె అంది: "మీరు చెప్పకుండా ఉంటే బాగుణ్ణనిపించిందండి, కాసేపు."

"నాకూ అలాగే అనిపించిందమ్మా."

ఆమె కొద్దిగా నవ్వింది. "రేపు తొమ్మిదింటికి ఇంకో మ్యాచ్ ఉందండి."

"అయితే పెందరాళే బయల్దేరదాం," అన్నారాయన.