నొప్పి లేదన్న మాట

పోర్టులో క్రేన్ నడిపే ఎల్లారావుకు రక్తంలో క్యాన్సరని తేలి, ఆసుపత్రిలో చేర్చి అప్పటికి నెల దాటింది. పంతొమ్మిది వందల ఎనభై మూడు, ఎండలు ముదిరిన రోజులు. క్యాన్సరుకిచ్చే ఎర్రమందు సూదులు మొదలెట్టిన దగ్గర్నుంచి జుట్టంతా తలగడ మీద రాలిపోయింది. నోటినిండా పుండ్లు లేచాయి. ఉమ్మి మింగాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

అయినా డాక్టరు నీలకంఠంగారు రక్తపరీక్ష చీటీలు చూసుకుంటూ "ఎలా ఉందయ్యా?" అని అడిగితే, "బాగుంది బాబూ" అనేవాడు. పక్కన పీట మీద కూర్చున్న భార్య పైడితల్లీ అదే మాట అనేది. అలా అనమని ఒట్టు వేయించుకున్నది అతనే. పక్కమంచం జగ్గయ్య నొప్పి నొప్పి అని వారం మూలిగాడు. తర్వాత సూదులు ఆపేసి అతన్ని ఇంటికి పంపేశారు.

"నొప్పని సెప్పకే. సెప్తే నాకూ మందాపేత్తారు, ఇంటికి తోలేత్తారు," అన్నాడు ఎల్లారావు.

గ్లాసుడు గంజిలో రెండు చెంచాలు పడగానే అతను తల తిప్పేసుకునేవాడు. నర్సు నూరున్నీసా వచ్చేసరికి గ్లాసు ఖాళీగా కనబడాలి. మొదట్లో పైడితల్లి పారబోసేది. తర్వాత తనకే సరైన తిండీ నిద్రా లేక కళ్ళు తిరుగుతుంటే, ఆ గంజి తానే తాగేయసాగింది. తాగిన ప్రతిసారీ మొగుడి నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టు ఉండేది.

నూరున్నీసా పోర్టు దగ్గరి పాతూరి మనిషి, పదిహేనేళ్ళ సర్వీసు. ఒక మధ్యాహ్నం ఎల్లారావు బరువు చూసి ఆగిపోయింది.

"ఇంత తాగుతూ నాలుగు కిలోలెలా తగ్గేడమ్మా?"

పైడితల్లి గబుక్కున పైట చెంగుతో మూతి తుడుచుకోబోయింది. పెదవి మీద గంజి నర్సు చూడనే చూసింది. కేకలు వేయలేదు. వరండాలోకి తీసుకెళ్ళి బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"నానే తాగేసినానమ్మా," అంది పైడితల్లి. "ఆయన మింగనేకపోతన్నాడు. నొప్పని సెప్తే మందాపేత్తారని బయం." ఏడవడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది.

"జగ్గయ్యకి మందు పట్టలేదే తల్లీ, అందుకాపేరు. నొప్పని సెప్పినందుకు కాదు."

నూరున్నీసా వెళ్ళి డాక్టరుకు చెప్పింది. ఆయన వచ్చి, ఎల్లారావు నోరు తెరిపించి, చాలాసేపు చూశారు. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ రాయగానే పైడితల్లి ఆయనకు అడ్డంగా వచ్చింది. జగ్గయ్య వెళ్ళేముందు విన్న పేరది.

"ఇది ఆకర్న ఇచ్చే మందు కాదా బాబూ? ఆశొదిలేసినారా?"

"వదిలేస్తే వచ్చేవారం మళ్ళీ సూదులెందుకు పెడతానమ్మా? అవి ఆగవు. నొప్పి తగ్గితే తింటాడు, తింటే వాటికి తట్టుకుంటాడు. ఇదీ వైద్యమే." కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. "నేనే ముందు చూడాల్సింది."

ఎల్లారావు మందు వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ ఒట్టు తీసి గట్టునెట్టు," అంది పైడితల్లి. "ఇంక నాను అబద్దమాడనేను."

అతను ఆమె ముఖంలోకి చూసి, మందు కోసం నోరు తెరిచాడు. నొప్పి కాస్త నెమ్మదించాక, నూరున్నీసా ఇచ్చిన, నోరు మొద్దుబార్చే మందునీళ్ళు పుక్కిలించాడు. ఆ తర్వాత పన్నెండు చెంచాల గంజి దిగింది.

"ఇన్నాళ్ళెందుకోర్సుకున్నానే?" అని గొణిగి నిద్రపోయాడు. నూరున్నీసా అక్కడే ఉంటానంటే, పైడితల్లి వరండా బల్ల మీద కాళ్ళు ముడుచుకుని పొద్దు వాలేదాకా పడుకుంది.

సూదులు ఇంకో రెండు విడతలు నడిచాయి. పుండ్లు మళ్ళీ లేచాయి, జ్వరాలూ వచ్చాయి. కానీ నొప్పి మొదలవగానే ఎల్లారావు చెప్పేవాడు. దసరాకి ఇల్లు చేరాడు. క్రేను ఎక్కే బలం లేక, పోర్టు స్టోర్సులో కూర్చునే పని చేశాడు. పదహారు నెలలు బాగానే గడిచాయి.

జబ్బు తిరగబెట్టినప్పుడు, ఇక సూదుల వల్ల లాభం లేదని నీలకంఠంగారు దాచకుండా చెప్పారు. ఇంటివాళ్ళు అతన్ని తగరపువలస దగ్గర సొంతూరికి తీసుకెళ్ళారు. నొప్పి మందు కొలిచి పట్టడం నూరున్నీసా పైడితల్లికి నేర్పి పంపింది. ప్రాణం పోయిన రోజు పొద్దున కూడా అతను తన పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాడు.

కర్మలన్నీ అయ్యాక పైడితల్లి రెండు రోజులు చాప మీంచి లేవలేదు. పడుకోనీ అని ఆమెను ఎవరూ లేపలేదు.