వాల్డో బండి రోడ్డెక్కిన రోజు

కేన్సస్‌లో ఆ ఫిబ్రవరి అంతా లియోనాకు వంటింటి కిటికీ దగ్గరే గడిచింది. కొడుకు క్లేటన్ సొంతంగా గోధుమ వేసింది ఆ ఏడే. పొలం కౌలుకిచ్చిన ముసలావిడ విచిటాలో ఉంటుంది. మే నెలలో కారులో వచ్చి, దిగకుండానే చేను రంగు చూసి పోతుంది. పచ్చగా ఉంటే పొలం మళ్లీ క్లేటన్‌కే, పసుపు తిరిగితే ఇంకెవరికో. పైరు కణుపు కట్టేలోపు పైపాటు ఎరువు పడాలి. ఏ ఎరువు, ఎప్పుడు? అదే లియోనా గుండెల మీద కుంపటి.

"యూరియా చల్లనా అమ్మా?"

"ఎండ కాస్తే ఆవిరైపోతుంది కదరా!"

"పోనీ, నీళ్ల ఎరువు కొడతాను."

"ఆకు మాడితే? మాడిన ఆకు ఆవిడ కంట పడితే?"

"అయితే మానేస్తాను."

"మానేస్తే ఇంకేమైనా ఉందా!"

ఆ ఊరి రైతులకు ఒక పద్ధతి ఉంది. సహకార సంఘంలో చదువుకున్న ఉద్యోగి మట్టి పరీక్షల కాగితాలు పంచుతాడు. అందరూ మర్యాదగా మడిచి జేబులో పెట్టుకుంటారు. ఆ తర్వాత వాల్డో రాట్జ్‌లాఫ్ ఎరువు బండి ఎప్పుడు కదులుతుందా అని కాచుక్కూర్చుంటారు. వాల్డో పంట ఎప్పుడూ తప్పలేదని పేరు. అతన్ని అడగడం మాత్రం నామోషీ. కాఫీ తాగుతూ వాతావరణం, మోకాళ్ల నొప్పులు, చర్చి పైకప్పు అన్నీ మాట్లాడతారు గానీ ఆ ఒక్క ముక్క ఎవరి నోటా రాదు.

ఒక శనివారం లియోనా జ్వీబాక్ రొట్టెలకు పిండి పిసుకుతుంటే వాల్డో బండి రోడ్డు మీద పోతూ కనిపించింది. చేలన్నీ ఇంకా మంచు కిందే ఉన్నాయి, నేల రాయిలా గడ్డకట్టి ఉంది. ఆమె పిండి చేతులతోనే ఫోన్ అందుకుంది. కొడుక్కే చెయ్యబోయింది. తను పొరబడిందేమో, వాడి కొంప తనే ముంచుతుందేమో అనిపించి ముందు ఆడపడుచుకు చేసింది.

"ఆర్డిత్ వదినా, నీ కిటికీలోంచి చూడు. అది వాల్డో బండేనా?"

"అదే! ఏమిటే, మంచు మీదే చల్లేస్తాడా?"

"నాకేం తెలుసు! ఎవరికీ చెప్పకు."

ఆర్డిత్ ఎవరికీ చెప్పలేదు, మొగుడికీ చెల్లెలికీ తప్ప. ఆ తర్వాత లియోనా ఫోన్ చేస్తే క్లేటన్ యూరియా కోసం సంఘానికి వెళ్లేసరికి ఊరి ట్రక్కులన్నీ వరసలో ఉన్నాయి. వాడి వంతు గురువారానికి పడింది.

"ముందు అత్తకి చేశావా? ఇంతకీ నేనెవరి కొడుకుని?"

లియోనా ఆ పిండిలోకే కన్నీళ్లు కార్చింది. చుట్టుపక్కల చేలల్లో మాత్రం అందరూ మంచు మీదే యూరియా చల్లేశారు.

మర్నాడు చర్చిలో ఆర్డిత్ మొగుడు ధైర్యం చేశాడు. "మొత్తానికి చల్లేశావన్నమాట వాల్డో!"

"చల్లడమేంటి? బండి గొలుసు తెగితే అతికించడానికి తీసుకెళ్లా. మంచు మీద ఎవడైనా చల్లుతాడా?"

ఆ పూట ప్రార్థన గీతం ఎన్నడూ లేనంత గట్టిగా పాడారు, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోకుండా.

సోమవారం వెచ్చటి వాన కురిసింది. మంచు కరిగి యూరియా అంతా కాలవలపాలైంది. గురువారం క్లేటన్ యూరియా తెచ్చి, నేల ఆరాక, కణుపు కట్టకముందే చల్లాడు. వెంటనే చిరుజల్లు పడింది. వాల్డో బండి గొలుసు అతికి వచ్చేసరికి అతనికి అదను దాటిపోయింది. ఆ వసంతంలో ఊరంతటికీ పచ్చగా ఉన్నవి రెండే: రోడ్డు పక్క కాలవ గట్లు, క్లేటన్ చేను. మే నెలలో ముసలావిడ వచ్చి, కారు అద్దం దించి మరీ చూసింది. "వచ్చే ఏడూ నువ్వే చెయ్యి" అంది.

"లియోనాకు ముందే తెలుసు. కావాలనే కొడుకుని వెనక నిలబెట్టింది" అని ఆర్డిత్ ఊరంతా చాటింది.

మరుసటి ఫిబ్రవరిలో లియోనా ఇంట్లో ఫోన్ మోగింది. వాల్డో.

"ఏమ్మా లియోనా, ఇవాళ భయంగా ఉందా?"

"నాకు ఎప్పుడూ భయమే కదండీ."

"మామూలు కంటే ఎక్కువా, తక్కువా?"

ఊరందరి గోధుమా తన నెత్తినే పడిందని లియోనాకు అప్పుడర్థమైంది. "ఎక్కువేనండీ!"

"సరే, అయితే నేనూ ఆగుతా" అని వాల్డో ఫోన్ పెట్టేశాడు.